ఉపేక్ష

ఉపేక్ష అను మాటకు మన దేశమున రెండు బ్రతుకులు ఉన్నవి. యోగశాస్త్రములందును శ్రమణ సంప్రదాయములందును అది యొక సద్గుణము. మంచిమాట చెవిని బెట్టని వానిపై కోపింపక, ద్వేషింపక, మనసు చెదరనీయక నిలుచుటకు ఆ పేరు. మైత్రి, ప్రమోదము, కారుణ్యము అను మూడు భావనల తరువాత మాధ్యస్థ్యమను పేరుతో పెద్దలు చెప్పునది ఇదియే. తెలుగువారి నోట మాత్రము ఆ మాటకు వేరొక గతి పట్టినది. ఒకడు ఉపేక్ష చేసినాడనిన, చూడవలసినది చూడలేదనియే అర్థము. ఈ రెండును పైకి ఒకే తీరున కనుపించుటయే చిక్కు. శాంతచిత్తుడు కదలడు, పట్టనివాడును కదలడు. ఎవడు ఏ కారణమున కదలలేదో తెలిసికొనుటకు ఒకటే ఉపాయము కలదు. ఆ సమయమున ప్రక్కన నెవరైన మంచినీళ్లకై చేయి చాచుచుండిరా యని చూడవలెను.

డబ్బు తీసికొని వృద్ధులను కనిపెట్టి చూచు గృహముల విషయమున నేడు ఈ ప్రశ్న తరచుగా పుట్టుచున్నది. నర్సింగు హోమనిన మన వైపున పది పడకల చిన్న ఆసుపత్రి జ్ఞప్తికి వచ్చును. అమెరికా, కెనడా దేశములలో ఆ మాటకు మంచము దిగలేని వృద్ధులు తుదివరకు నివసించు ఇల్లని అర్థము. అట్టి ఇండ్లు ఇప్పుడు బెంగుళూరు, చెన్నై, కోయంబత్తూరు, పుణె, హైదరాబాదు నగరములందును వెలసినవి. కన్నవారిని అక్కడ చేర్చుటయే మహాపాపమని ఒక్క మాటలో తీసివేయుట సులభము. కాని తుంటి విరిగి కదలలేని మనిషిని ఎత్తి కూర్చుండబెట్టుటకు ఇద్దరు కావలెను. మతి తప్పి రాత్రులందు వీధి తలుపు తీసికొని పోవు మనిషికి నిద్ర లేని కాపలా కావలెను. ఇంట ఒక్క కోడలు ఈ పనులన్నియు చేయలేదు. ఇంటనే ఉంచుకొన్నామన్న పేరు సంపాదించి, వెనుక గదిలో తల్లిని మరచిపోయిన వారును లేకపోలేదు. కనుక చేర్చుట తప్పా, ఒప్పా యను వాదమును ప్రక్కన బెట్టవచ్చును. చేర్చిన పిమ్మట అక్కడ ఉపేక్ష జరుగుచున్నదని తెలిసినవాడు ఏమి చేయవలెను? కష్టమైన ప్రశ్న ఇదియే.

ఒక సందర్భమును ఊహింపవచ్చును. షోలాపురమున తరతరములుగా స్థిరపడిన ఒక తెలుగు నేతవారి ఇల్లు. తల్లికి ఎనుబది రెండేండ్లు. కొడుకు ఉద్యోగము పుణెలో. ఆమెకు మతిమరపు ముదిరినది. అరువది యేండ్లు బజారులో ధారాళముగా మాటాడిన మరాఠీ నాలుక మీదినుండి జారిపోయి, పుట్టింటి తెలుగు ఒక్కటే మిగిలినది. ఈ జబ్బున తరువాత నేర్చిన భాషలు ముందుగా పోయి, తల్లిభాష ఆఖరుకు నిలుచుట తరచు చూచునదే. పరభాషా ప్రాంతములందు కాపురమున్న తెలుగు కుటుంబములు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యిది. ఆమె రాత్రివేళ "మంచినీళ్లు, మంచినీళ్లు" అనును. అక్కడి ఆయాను అందరును మావశీ అని పిలుతురు. ఆ మావశీ కా మాట తెలియదు. ముసలమ్మ ఏదో గొణుగుచున్నదని తన పని తాను చూచుకొనును.

కొడుకు ప్రతి ఆదివారము పదకొండు గంటలకు వచ్చును. ఆ వేళకు తల్లికి తల దువ్వి, ఉతికిన చీర కట్టి, కుర్చీలో కూర్చుండబెట్టియుందురు. ఒకసారి బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు, చెప్పకుండ వచ్చినాడు. నీళ్ల గ్లాసు కిటికీ గూటిలో ఉన్నది, ఆమె చేతికి అందదు. పెదవులు ఎండి పగిలినవి. కుడిచేతి మణికట్టునకు పాత చీర పేలిక చుట్టి మంచపు కమ్మీకి ముడివేసినారు. ఒత్తిగిలబెట్టి చూడగా నడుము క్రింద రూపాయి బిళ్లంత పుండు. మావశీని అడిగిన ఆమెయు కన్నీళ్లు పెట్టుకొన్నది. రాత్రికి పదునెనిమిది మంచములకు ఆమె ఒక్కతె. ఎవరైన లేచి పడిన జీతము కోత. మేనేజరును అడిగిన "వయసు కదండీ" అని అన్నాడు. ఇక తల్లి, కొడుకు చేయి పట్టుకొని మెల్లగా అన్నది: "ఏమీ అనబోకురా నాయనా. నువ్వు వెళ్లిపోతావు. ఇక్కడ ఉండేది నేను."

ఇందులో కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు. అందరును మేమేమియు చేయలేదనియే అందురు. అదియే వారి సమాధానము, అదియే వారి తప్పు కూడ. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించునప్పుడు ప్రాణహానితో పాటు ప్రమాదమను మాటను చేర్చినాడు. ప్రమాదమనగా నేటి వాడుకలోని రోడ్డు ప్రమాదము కాదు. మెలకువ లేకుండుట, అజాగ్రత్త. కోపముతో ఎత్తిన చేయి ఎంత హింసయో, చూడవలసిన చోట చూడని కన్నును అంత హింసయే యని ఆ నిర్వచనమున ఇమిడియున్నది. రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలసిన శరీరమును తిప్పకున్న, ఎముక ఒత్తుకొన్న చోట నెత్తురు ఆడక చర్మము చచ్చును. వృద్ధాప్యమున దాహము తెలియుట తగ్గును. ఒంటిలో నీరు ఇంకిపోవుచున్నను ఆ మనిషి అడుగదు. కావున అడుగలేదు గనుక ఇయ్యలేదను మాట చెల్లదు. అడుగువారికి ఇచ్చుట సత్రము పని. అడుగలేని వారికి ఇచ్చుటకే ఆ గృహము నెలనెల రొక్కము పుచ్చుకొనుచున్నది.

గృహస్థుని అహింసావ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు వేయుట, తిండి నీళ్లు ఆపుట. ఇవి చెప్పిన నాడు పెద్దల కన్నుల ముందున్నవి ఎద్దులు, గుఱ్ఱములు, ఇంటి దాసులు కావచ్చును. కాని ఆ రాత్రి పుణెలోని గదిని ఈ ఐదింటితో కొలిచి చూచిన ఆశ్చర్యము కలుగును. మణికట్టున పేలిక బంధము. కిటికీ గూటిలోని గ్లాసు అన్నపాననిరోధము. ఇక అతిభారారోపణము ఎవరి మీద? మావశీ మీద. పదునెనిమిది మంచముల బరువు ఒక్క ఆడుదాని వీపున మోపినవారు మొదట ఆమెను హింసించిరి. ఆ బరువే ఆమె చేతికి పేలిక నిచ్చినది. ఒక అతిచారము మరియొకదానిని కనును. ఇది తెలియక కోపగించిన కొడుకు మావశీని పనిలోనుండి తీయించి, తృప్తిపడి ఇంటికి పోవును. మరునాడు అదే జీతమునకు, అదే పదునెనిమిది మంచములకు మరియొక మావశీ వచ్చును. తీసివేయబడిన ఆమె ఇంట ఆ నెల పొయ్యి ఎట్లు వెలుగునో అతనికి తెలియదు.

ఇచ్చట ఒక భ్రాంతిని గూర్చి చెప్పక తప్పదు. వృద్ధురాలు అన్నము ముట్టనప్పుడు, "ఆమె మానివేసినది, పుణ్యాత్మురాలు" అని భక్తితో తలయూపువారు కొందరు ఉందురు. సల్లేఖన యనునది మెలకువగల మనస్సుతో, గురువు అనుజ్ఞతో, తానై ఒక్కొక్కటిగా విడుచుట. పళ్లు కదలి నమలలేక, చల్లారిన గట్టి చపాతీని ప్రక్కకు నెట్టుట సల్లేఖన కాదు, అది ఆకలి. ముందు జావ కాచి, గోరువెచ్చగా చేసి, చెంచాతో నోటికి అందించి చూడవలెను. పరుల సోమరితనమునకు వ్రతమని పేరుపెట్టుట కంటె వ్రతమునకు గొప్ప అవమానము లేదు.

కర్మకు మూడు తలుపులు ఉన్నవని జైనులు చెప్పుదురు: కృతము, కారితము, అనుమోదితము. తాను చేయుట, పరులచే చేయించుట, చేసినదానికి లోలోపల సరే యనుట. మావశీ పేలిక కట్టినది. ఇద్దరు పనివారి జీతము మిగుల్చుకొన్న యజమాని కట్టించినాడు. బుధవారము నాడు చూచి, ఆదివారము నాడు ఏమియు ఎరుగనట్లు పండ్లబుట్టతో వచ్చు కొడుకు ఏ తలుపున నిలుచును? న్యాయస్థానము అతనిని పిలువకపోవచ్చును. అంతమాత్రమున అతడు గది బయట నున్నవాడు కాడు.

పలువురి చేతులు కలిసిన చోట ఎవరి చేయియు కనుపింపదు. ఇందుకు 2017లో జరిగిన సంగతి యొకటి సాక్ష్యము. ఆ యేడు సెప్టెంబరు 10వ తేదీన ఇర్మా తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమును తాకెను. హాలీవుడ్ అను పట్టణమున ఒక నర్సింగు హోములో గదులను చల్లబరచు యంత్రములకు విద్యుత్తు ఆగిపోయెను. దీపములు వెలుగుచునే ఉన్నవి. ఆగినది చల్లదనము మాత్రమే. విద్యుత్తు సంస్థకు ఫోనులు చేసిరి, ఎదురుచూచిరి. ఒకనాడు గడచెను, రెండవనాడు గడచెను. వీధికి ఆవలి ప్రక్కనే విద్యుత్తు గల పెద్ద ఆసుపత్రి యున్నది. 13వ తేదీ తెల్లవారిన పిమ్మట గాని అందరిని బయటికి తరలింపలేదు. పన్నెండుగురి మరణములను అక్కడి వైద్యాధికారి నరహత్యలుగా నమోదు చేసెను. కొందరు నర్సులపై అభియోగములు మోపి, తరువాత విరమించిరి. నిర్వాహకుడు 2023లో నిర్దోషిగా విడుదల యయ్యెను. ఫోను చేసినవాడు తన పని చేసినానని అనుకొనెను. ఫోను అందుకొన్నవాడును అట్లే అనుకొని యుండును. వీధి దాటుట ఎవరి పనియు కాకపోయెను. ఒక మేలు మాత్రము జరిగినది. చల్లదనము నిలుపుటకు తొంబది యారు గంటలకు సరిపడు విద్యుదుత్పాదక యంత్రము, ఇంధనము ఉండితీరవలెనని ఆ రాష్ట్రము 2018లో చట్టము చేసినది.

ఇక తల్లి మాట. "ఏమీ అనబోకు" అన్న ఆమెది పిరికితనము కాదు. ఆ గదిలో రాత్రి గడుపవలసినది ఆమె. ఫిర్యాదు చేసిన మనిషి కారెక్కి పోవును. ఫిర్యాదు యొక్క ఫలము మంచము మీద మిగులును. ఆమె కోరికను కాదనుటకు కొడుకునకు హక్కు కలదా? తల్లి మాట జవదాటరాదను ధర్మమును, తల్లిని కాపాడవలెనను ధర్మమును ఇక్కడ ఎదురెదురుగ నిలిచినట్లు కనబడును. కాని మాట దాటకుండ భయమును తీర్చుట సాధ్యమే. ఆమె మౌనమును కోరుట లేదు, ఒంటరిగా మిగులకుండుటను కోరుచున్నది. కావున మాట్లాడి వెళ్లిపోవుట తప్పు. మాట్లాడకుండ వెళ్లిపోవుటయు తప్పు. మాట్లాడినవాడు మరునాడును రావలెను, ఆ మరునాడును రావలెను. తాను రాలేని దినమున తోబుట్టువో, మిత్రుడో, ఆ ఊరిలో తెలుగు తెలిసిన మరియొకరో రావలెను. వేళ తెలియని సందర్శనమునకు మించిన కాపలా లేదు.

ఇది కేవలము ఇంటి బుద్ధి కాదు, చట్టములును దీనిని గ్రహించినవి. అమెరికా వారు 1986లో పండితుల సంఘమొకటి ఇచ్చిన నివేదికను చూచి, 1987లో నర్సింగు హోముల సంస్కరణ చట్టము తెచ్చిరి. శిక్షగా గాని, పనివారి సౌకర్యమునకై గాని వృద్ధులను కట్టివేయరాదని అందు విధించిరి. తనిఖీదారు ముందుగా చెప్పకుండ రావలెననియు, వచ్చు తేదీని ఎవరైన బయటపెట్టిన రెండువేల డాలర్ల వరకు జరిమానా యనియు వ్రాసిరి. ఆదివారము పదకొండు గంటల కొడుకునకు ఈ నిబంధన బాగుగా అర్థమగును. 2020లో కోవిడ్ భయమున కెనడాలో బంధువులకు తలుపులు మూసినప్పుడు, పనివారు చాలక ఒంటారియో రాష్ట్రమున ఐదు గృహములకు సైనికులను పంపిరి. వారు చూచినది వ్రాసి పంపగా మే 26వ తేదీన అది బయటకు వచ్చెను: బొద్దింకలు, వారముల తరబడి స్నానము లేని శరీరములు, మార్చని డైపర్లు, సహాయమునకై ఎంతోసేపు కేకలు పెట్టినను రాని మనుష్యులు. అందులో అన్నియు ఆ వేసవిలోనే పుట్టినవి కావు. తలుపులు తెరచియున్న నాడు కూతుళ్లును కొడుకులును తాము చేయుచున్నామని తెలియకయే సగము పని చేయుచుండిరి. వారు ఆగగానే మిగిలిన సగమెంతయో కనబడెను.

ఏమి చేయవలెనను దానికి వచ్చిన, ముందు శరీరము, తరువాత న్యాయము. పుండు ఎముక దాకా పోకముందే వైద్యునికి చూపవలెను. ఆసుపత్రికి తరలింపవలసియున్న ఆ రాత్రియే తరలింపవలెను. వాదము తెల్లవారి చేసికొనవచ్చును. చూచినదానిని తేదీ, గంట వేసి ఒక పుస్తకమున వ్రాసికొనవలెను, పుండునకు ఫోటో తీయవలెను. కోపమునకు జ్ఞాపకము తక్కువ, వ్రాత నిలుచును. ఆపైన గృహాధికారికి నోటిమాటగా కాక ఉత్తరముగా ఇచ్చి, నకలు మీద సంతకము పుచ్చుకొనవలెను. ఆ ఉత్తరమున మావశీ పేరు కంటె రాత్రివేళ మంచములెన్ని, మనుష్యులెందరు అను లెక్క ముందుండవలెను. తెలుగు మాటలు పదింటిని, మంచినీళ్లు, నొప్పి, చలి, బయటికి వంటివానిని, అక్కడి లిపిలో పెద్ద అక్షరములతో వ్రాసి మంచపు తలవైపున అంటించుట చిన్న పనియే. దాని వలన కలుగు మేలు మాత్రము చిన్నది కాదు.

వినని యజమానికి చట్టము కలదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షను ప్రకారము, రోగముచేత గాని దౌర్బల్యముచేత గాని తనను తాను కాపాడుకొనలేని నిస్సహాయుని కనిపెట్టి చూతునని ఒప్పందము చేసికొని, బుద్ధిపూర్వకముగా చేయకుండుట నేరము. మూడు నెలల వరకు ఖైదు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. ఇది క్రొత్తది కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 491వ సెక్షనుగా ఉండెను, అప్పటి జరిమానా రెండువందలు. నూటయరువది యేండ్లకు పైగా పుస్తకమున నున్న ఈ సెక్షనును ఎరిగినవారు తక్కువ. సేవాలోపమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు పోవచ్చును. వృద్ధుల సహాయమునకై 14567 అను ఉచిత ఫోను సంఖ్యయు కలదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టమున 24వ సెక్షను మాత్రము రెండు వైపుల పదునుగల కత్తి. పోషణభారము గలవాడు వృద్ధుని పూర్తిగా వదలిపెట్టు తలంపుతో ఎక్కడనైన విడిచిపోయిన శిక్షార్హుడు. నెలనెల డబ్బు పంపి మూడేండ్లు ముఖము చూపని కొడుకు దీని వలలో పడడు కాబోలు. పడకుండుట అతని అదృష్టము.

ఇంతకంటె సులభమైన మార్గము ఒకటి కలదు. చాలమంది దానినే పట్టుదురు. నోరు మెదపక తల్లిని మంచి చోటునకు మార్చివేయుట. తగవు లేదు, కోర్టు లేదు, తల్లికి భయము లేదు. మార్చుటలో తప్పు లేదు. ఒక్కొక్కప్పుడు అదియే తక్షణ ధర్మము. కాని మూట కట్టుచున్న వేళ ప్రక్క మంచము మీది ముసలమ్మ తల త్రిప్పి చూచును. ఆమె మణికట్టునను పేలిక గుర్తు ఉన్నది. ఆమె కొడుకు నాగపురమునుండి ఆరు నెలలకొకసారి వచ్చును. ఆ పుండు, ఆ గ్లాసు, ఆ పదునెనిమిది మంచముల లెక్క ఇప్పుడు ఎరిగిన బయటివాడు లోకమున ఇతడొక్కడే. తన తల్లిని ఎత్తుకొని పోవునప్పుడు ఆ తెలివిని కూడ తనతో ఎత్తుకొని పోవుచున్నాడు. సాధువులకు చెప్పిన అంతరంగ తపస్సులలో వైయావృత్త్యము, అనగా పరిచర్య, ఒకటి. పరిచర్యకు పాత్రులైన పదిమందిలో ఆచార్యునితో పాటు గ్లానుని, అనగా రోగిని, లెక్కించిరి. సమంతభద్రుడు దానిని గృహస్థుని శిక్షావ్రతములలోను చేర్చెను. ఆ పట్టికలో గ్లానుడు అని ఉన్నది గాని, తన గ్లానుడు అని లేదు.

ఆ కొడుకు నాగపురపు కొడుకునకు ఫోను చేసి ఉన్నదున్నట్లు చెప్పెననుకొందురు గాక. అతడు కొంతసేపు మాటాడక, "తెలుసండి. మా అమ్మను పెట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు. దయచేసి గొడవ చేయకండి" అని అనవచ్చును. ఇట్లనువారు నిజముగా ఉన్నారు, వారిలో దుర్మార్గులు తక్కువ. అప్పుడు ఉత్తరము పంపుటయా, మానుటయా? పంపిన ఒక కుటుంబమును సంకటమున పెట్టినట్లు. మానిన పదునేడు మంచములను చీకటిలో విడిచినట్లు. ఆ ఒక్కరి పేరు లేకుండ, మంచముల లెక్కను మాత్రము ముందుంచి పంపవచ్చును. అంతకుముందు నాగపురపు కొడుకును ఒక మాట అడుగవలెను: మీ అమ్మగారికి ఏ వేళకు దాహము వేయును, ఆమె మంచినీళ్లను ఏమని అడుగును? ఆ మాట తెలిసికొని, తల్లిని మార్చిన తరువాతి బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు, ఆ కొడుకు ఆ గృహమునకు మరల పోవలెను. గేటు వద్ద కాపలావాడు "మీ అమ్మగారు ఇక్కడ లేరు కదా" అని అడుగును.